కంప్యూటర్‌కు బంతి భోజనాలు

రేపో మాపో మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఏ ఆసుపత్రిలోనో ఏ ఆఫీసులోనో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పెద్దలు చదివినా నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో "మా కాలంలో అయితేనా" అని మాత్రం మొదలుపెట్టొద్దు.

నా పేరు వసంత. కరీంనగర్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ల మెయింటెనెన్స్ చూసి ఈ మధ్యే రిటైరయ్యాను. ఆ ట్రస్టుకు భైంసాలో కూడా ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. నా నౌకరీ మొదలైంది అక్కడే. ఏ ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చింది, ఏ మెమో ఎందుకొచ్చింది అనేవి రాయను. మెమోలు బాగానే వచ్చాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దానికి తగ్గ ఫలితం దానికుంటుంది.

ఈ పనికి బయట ఉన్న పేరు సిస్టమ్స్ ఇంజినీర్. లోపల ఉన్న పేరు "ఓ వసంతక్కా, ఇది మళ్ల ఆగింది". మీరు కాలేజీలో మొదటి పేరుకు సరిపడా చదువుకుని వస్తారు. చెయ్యాల్సింది మాత్రం రెండో పేరు పని. యంత్రం ఆగితే బాగుచెయ్యడం పుస్తకంలో ఉంటుంది. దాని ముందు కూర్చున్న మనిషి ఎందుకు ఏడుపు మొహం పెట్టాడో ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆధీ ఐక్

భైంసాలో నా మొదటి బాసు సూర్యకాంత్ సార్. సరిహద్దు అవతలి మనిషి. మాట తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేవారు. నేను చేరిన కొత్తలో, పత్తి సీజన్లో, బిల్లింగ్ కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఫిర్యాదు వచ్చింది. నేను సీడీలు పట్టుకుని వెళ్ళాను, మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కిద్దామని. మంచి ఉత్సాహంలో ఉన్నాను. సార్ నా చెయ్యి పట్టి ఆపారు.

"ఆధీ ఐక్, బేటీ. ముందుగాల విను. నువ్వు దాన్తోని మాట్లాడేది తర్వాత."

కుర్చీ లాక్కుని ఆ బిల్లింగ్ క్లర్కు పక్కనే కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. ఏమీ ముట్టుకోనివ్వలేదు. చూస్తూ ఉంటే తెలిసింది, ఆ క్లర్కు ఉక్కపోత భరించలేక కిటికీ తెరిచి పెట్టుకుంటున్నాడు. కిటికీ అవతల రోడ్డు మీద పత్తి బండ్లు, పత్తి ట్రాక్టర్లు. చెవి పెట్టి వింటే కంప్యూటర్ లోపలి ఫ్యాన్ మూలుగుతోంది. విప్పి చూస్తే చిన్న దిండు కుట్టేంత దూది! గాలాడక యంత్రం వేడెక్కి, తనను తాను మెల్లగా నడుపుకుంటోంది. నేను సీడీలన్నీ ఎక్కించినా మర్నాటికి మళ్ళీ అదే కథ అయ్యేది.

సార్‌కు ఒక దుర్గుణమూ ఉండేది. రాయకపోతే అన్యాయం. హెడ్డాఫీసువాళ్ళు ఏం చెప్పినా "హో, హో" అని తలూపి, ఒక్కటీ చేసేవారు కాదు. ఆయన బదిలీ అయ్యాక ఆ తిట్లన్నీ నేను తిన్నాను. అయినా ఆ మనిషి మీద నాకు ప్రేమ చావలేదు. వినడం నేర్పినవాళ్ళు జీవితంలో ఎందరు దొరుకుతారు!

రాజేశం కుర్చీ

ఆ తర్వాత నేను కరీంనగర్ వచ్చాను. అక్కడ ఎంక్వైరీ కౌంటర్ రాజేశానిది. సుల్తానాబాద్ దగ్గర పల్లె అతనిది. పుట్టుకతో చూపు లేదు. డిగ్రీ పాసై టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాడు. కొన్నాళ్ళకు ఫోను పక్కన కంప్యూటర్ వచ్చింది. తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం ఒకటి దాంట్లో వేశాం. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పేషెంటు పేరు టైపు చేస్తే చాలు, ఏ వార్డు, ఏ మంచం, పరిస్థితి ఎలా ఉంది, దగ్గరున్న బంధువు ఫోన్ నంబరేంటి, అన్నీ ఆ గొంతు అతని చెవిలో చెప్పేది.

వినయం గినయం ఏమీ లేని మనిషి. నేను కౌంటర్ దగ్గరికి వెళ్తే చాలు, "ఏంది అక్కా, ఇయ్యాల ఎవని మీద లేసినవ్?" అని పదిమంది ముందు అడిగేవాడు. నేను తిట్టేదాన్ని. అతను ఇంకా నవ్వేవాడు. మా స్నేహం అలాంటిది.

అతని కౌంటర్‌కు అసలు రద్దీ పొద్దున్నే. మా వైపు ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు దుబాయిలోనో సౌదీలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇక్కడ ఎండ ఎక్కేసరికి అక్కడ ఇంకా మసక చీకటే. కంపెనీ బస్సు వచ్చేలోపు, క్యాంపు గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తారు. మా అవ్వకు ఆపరేషన్ అయిందట, మా బాపును ఐసీయూలో వేశారట, ఎట్లున్నది? బస్సెక్కాక ఫోను ఉండదు. చాలా కంపెనీలు సైటు గేటు దగ్గరే గుంజుకుని పెట్టేస్తాయి. అప్పుడు తెలియకపోతే, ఇక పొద్దు గూకేదాకా ఆ మనిషి గుండె చేతిలో పట్టుకుని ఇటుకలు మొయ్యాల్సిందే.

ఇంటివాళ్ళను అడగొచ్చు కదా అంటారు. ఇంటివాళ్ళు నిజం చెప్పరు. "మంచిగనే ఉన్నడు, నువ్ ఫికర్ జెయ్యకు" అంటారు, మనిషి చివరి గడియల్లో ఉన్నా సరే. దూరాన ఉన్నవాడిని పరేషాన్ చెయ్యొద్దని. మరీ దాచలేని సంగతి అయితే ఫోనే ఎత్తరు. ఇది మా దగ్గర రివాజు. అందుకే ఆ పిల్లలంతా రాజేశాన్ని అడిగేవారు. రాజేశం అబద్ధం చెప్పడని క్యాంపుల్లో పేరు పడిపోయింది.

ఇంత ముఖ్యమైన కౌంటర్‌కు ఆసుపత్రి ఇచ్చిన కంప్యూటర్ ఎలాంటిది? తాతల నాటిది! ఒకసారి వైర్లు కాలిన దగ్గర్నుంచి, సాయంత్రం కాగానే కౌంటర్ల కరెంటు ఆపెయ్యాలని ఆర్డరు. కాబట్టి రోజూ పొద్దున మొదట్నుంచి లేవాలి. పాస్‌వర్డ్ కొట్టి, బయటికెళ్ళి చాయ్ తాగి, నలుగురితో ముచ్చట పెట్టి వచ్చినా అది లేచేది కాదు. లేచినా చదివే గొంతు అన్నిటికంటే ఆఖర్న పెగిలేది.

"మీకంటే తిరిగే చక్రమన్న కనవడుతది అక్కా. నాకు బావిల రాయేసినట్టు ఉంటది. సప్పుడే రాదు. అది బతికున్నదో సచ్చిందో నాకెట్ల తెలువాలె? ఇది లేసెటాల్లకు ఆడ పోరగాడు బస్సెక్కి పోతుండు."

ఫిర్యాదులు వెళ్ళాయి. ఫోన్ ఎత్తి "జర ఆగుండ్రి, జర ఆగుండ్రి" అంటున్నారని. ఒకరోజు మా మేనేజర్ ఖదీర్ సాబ్ నన్ను పిలిచారు. మెత్తని మనిషి. హెడ్డాఫీసు పేరెత్తితే ఇంకా మెత్తబడతారు.

"అమ్మా, రాజేశం మంచి పిలగాడు, నేను కాదనలే. గని హెడ్డాఫీసోళ్లు మిషిన్ పంపుతుండ్రు. ఫోన్ దానంతట అదే ఎత్తుతదట, ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెప్తదట. ఒకటో తారీఖు పొద్దున ట్రయల్. ఆ రోజు రాజేశం జల్ది జల్ది జవాబు చెప్తే కుర్చీ ఆయనదే. లేకుంటే రికార్డ్ రూమ్ పక్కన ఒక కుర్చీ ఏపిస్త."

"ఆడ ఆయనకు పనేంది సాబ్?"

"పనేం లేదమ్మా. జీతం వస్తది గదా, ఫికర్ నక్కో."

ఈ మాట నేనే వెళ్ళి రాజేశానికి చెప్పాను. ఎప్పుడూ నవ్వేవాడు, ఆరోజు నవ్వలేదు. ఇయర్‌ఫోన్ వైరు వేలికి చుట్టుకున్నాడు.

"జీతమిచ్చి మూల కూసోబెడ్తరా? చిన్నప్పుడు మా ఇంట్ల గూడ గట్లనే కూసోబెట్టిండ్రు అక్కా. తిండి పెట్టిండ్రు, మంచిగనే చూసుకున్నరు. పని మాత్రం చెప్పలే. గా మూలకెల్లి లేసి రానీకి నాకు ఎంత పానం పోయిందో నీకేం ఎరుక?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమూ వచ్చింది. నాకు ఆ రెండూ కలిసే వస్తాయి.

గుంపులో గోవిందా

మర్నాడు పొద్దున్నే వెళ్ళి రాజేశం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ ముట్టుకోలేదు. అతను మీట నొక్కాడు, పాస్‌వర్డ్ కొట్టాడు. లోపల డిస్కు గరగరమని పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే!

తర్వాత లోపలికి వెళ్ళి చూశాను, ఇది లేవగానే తనతోపాటు ఎవరెవరిని లేపుతోందా అని. అమ్మో! వైరస్ చూసేది ఒకటి. బిల్లింగువాళ్ళది ఒకటి. ల్యాబువాళ్ళది, మందుల షాపువాళ్ళది, ఎక్స్‌రే ఫొటోలు చూపేది. ప్రింటర్ వెంట వచ్చిన చుట్టాలు. ఎవరో ఎప్పుడో వేసి మరిచిపోయిన క్యాలెండర్. ఆ కౌంటర్ దగ్గర ఏ పని మీద ఎవరు కూర్చున్నా తమ వస్తువు ఒకటి వదిలేసి వెళ్ళారు. పాస్‌వర్డ్ కొట్టగానే వీళ్ళందరూ ఒక్కసారే లోపలికి పడతారు. పాత డిస్కుకు చదవడానికి ఉన్నది గ్రామఫోను ముల్లు లాంటి ఒక్కటే ముల్లు. అందరికీ అదే తిరగాలి. ఒకరికి సగం అందించి ఇంకొకరి దగ్గరికి ఉరుకుతుంది. ఎవరికీ ముద్ద పూర్తిగా దొరకదు. గుంపులో గోవిందా!

కొత్త డిస్కు కొనిపించలేకపోయావా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. అడిగాను. ఆ ఏడాది ముందు ద్వారానికి పెద్ద పెద్ద అద్దాలు బిగిస్తున్నారు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత. ఇంకో మాట కూడా చెప్తాను. ఎంత కొత్త డిస్కు పెట్టినా, ఇంతమందిని ఒకే తలుపులోంచి తోస్తే ఇరుక్కోవడం తప్పదు. కాస్త తక్కువ ఇరుక్కుంటారు, అంతే.

అప్పుడు ఏం చెయ్యాలి? మా వైపు పెండ్లిలో ఏం చేస్తారో అదే. ఊరంతా వస్తుంది, అందరినీ ఒక్కసారి కూర్చోబెట్టరు. ఒకటో బంతి కూర్చుంటుంది. వాళ్ళు తిని లేచాక ఇస్తరాకులు ఎత్తి రెండో బంతి. వంటవాడికీ వడ్డించేవాడికీ ఊపిరాడుతుంది, అందరికీ అన్నం వేడిగా అందుతుంది. కంప్యూటర్‌లో ఇలా ఒకదాని వెనక ఒకటి పనులు చేయించడానికి చిన్న చిట్టా రాసి పెట్టొచ్చు. దాన్ని బ్యాచ్ ఫైలు అంటారు. బ్యాచ్ అంటే ఏంటి? బంతి! ఇంగ్లీషువాడు పెట్టిన పేరు అచ్చంగా మన పెండ్లి మాట. ఇది తట్టినప్పుడు ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

పనికిరాని చుట్టాలను ముందు పంపించేశాను. మిగిలినవాళ్ళను బంతులు చెయ్యాలి. ఇక్కడే రాద్ధాంతం మొదలైంది.

వియ్యపోళ్ల పంచాయితీ

మన దగ్గర ఒకటో బంతిలో ఎవరిని కూర్చోబెడతారు? వియ్యపోళ్లను. వాళ్ళకు మర్యాద తక్కువైతే పెండ్లి ఆగుతుంది. ఆసుపత్రిలో కూడా వియ్యపోళ్లున్నారని నేను ఈ పని పెట్టుకున్నాకే తెలిసింది.

కౌంటర్ కంప్యూటర్లో మార్పులు చేస్తున్నానని తెలియగానే బిల్లింగ్ పెద్దాయన వచ్చాడు. "మాది ముందుగాల లేవాలె మేడం, పైసలు మా దాంట్లనే గదా వచ్చేది." ల్యాబువాళ్ళు వచ్చారు. "మాది రెండోది అయితదంటే మేమేమన్న సవతి బిడ్డలమా?" ఎక్స్‌రే చూసేది ముందు లేవకపోతే పెద్ద డాక్టరు గారికి కోపం వస్తుందని ఆయన అటెండరు వచ్చి చెప్పి వెళ్ళాడు. పెద్ద డాక్టరు గారు ఆ కౌంటర్ మొహం ఎన్నడూ చూసి ఎరగరు. అడుగుదామంటే అటెండరు అప్పటికే వెళ్ళిపోయాడు.

నేను కస్సుమన్నాను. ఎవరి మీద అరిచినా పని మాత్రం ఆగకూడదు కాబట్టి, ఆఖరికి అందరికీ తలా ఒక ఇస్తరాకు వేశాను. ఒకటో బంతిలో పెద్ద పెద్దవాళ్ళు, రెండో బంతిలో వాళ్ళ చుట్టాలు. చదివే గొంతు తరఫున మాట్లాడటానికి ఎవరూ రాలేదు. అది ఎవరికీ వియ్యం కాదు మరి. దాన్ని మూడో బంతిలో వేశాను. ఒక్కొక్క బంతికీ మధ్య ఇంతసేపు అని గడియారం పెట్టాను.

మర్నాడు పొద్దున రాజేశం మీట నొక్కాడు. మునుపటికంటే తొందరగా లేచింది, సంతోషించాను. ఆ మర్నాడు వానకు లోపల చెమ్మ చేరిందో ఏమో, యంత్రం మొండికేసింది. ఒకటో బంతి ఇంకా తింటూనే ఉంది, గడియారం మోగింది కాబట్టి రెండో బంతి వచ్చి వాళ్ళ ఒళ్ళో కూర్చుంది. వాళ్ళ మీద మూడో బంతి. మళ్ళీ అదే గరగర, అదే నిశ్శబ్దం. ఫోను మోగుతూనే ఉంది. రాజేశం "జర ఆగు తమ్మీ" అంటున్నాడు. అవతలి తమ్ముడు ఆగలేక పెట్టేశాడు.

రాజేశం ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఫికర్ లేదంటరు. ఆడ వడ్డించేది నువ్వే. నాకు మాత్రం ఆకు గూడ దొరుకుతలేదు, ఏందిది?"

"ఏడ్సినట్టే ఉంది. ఒకటో బంతిల నీ గొంతును కూసోబెడితే వాళ్లంత నా మీద పడ్తరు."

"కూసోబెట్టమని ఎవలన్నరు? నేను పెండ్లికి పోతే ఎట్ల తింట చెప్పు? బంతి ఎటు దిక్కు పెట్టిండ్రో, ఆకు ఏడున్నదో నాకెరుక లేదు. నేను ఒకటే జూస్త. 'రాజేశం, రా, ఇటు కూసో' అని పిలిచేటోడు ఒకడు ఉండాలె. గాడు తినెటోడు గాదు. గాడు అందరికంటె ముందుగాల ఒచ్చి నిలవడెటోడు."

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నాకు అది తరచుగా జరగదు.

చదివే గొంతు అతిథి కాదు. బంతులను పిలిచే మనిషి. దాన్ని వియ్యపోళ్లతో పోటీకి పెట్టడమే తప్పు. ఆకులు వెయ్యకముందే అది వచ్చి నిలబడాలి. దీనికి ఏ వియ్యపోడూ అడ్డు చెప్పలేడు, ఎందుకంటే వాళ్ళ ఒకటో బంతి ఒకటో బంతిగానే ఉంటుంది.

చిట్టా మళ్ళీ రాశాను. అందరికంటే ముందు గొంతు. ఆ వెంటనే పేషెంట్ల వివరాలు చూపేది. అది రాజేశం పని, దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఆ తర్వాత బంతులు. గడియారం తీసి పారేశాను. ఒక బంతి తిని లేచిందా, డిస్కు ఊపిరి పీల్చుకుంటోందా అని చూసి, అప్పుడే రెండో బంతిని పిలవాలని రాశాను. పెండ్లిలో ఎవరైనా గడియారం చూసి ఇస్తరాకులు ఎత్తుతారా? తిన్నాక ఎత్తుతారు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళ ఇంజినీరుకు తట్టలేదు.

ఇంకొకటి కూడా చేశాను. ఒక్కొక్క బంతి కూర్చోగానే రాజేశం చెవిలో తెలిసేలా నా గొంతే రికార్డు చేసి పెట్టాను. "ఒకటో బంతి కూసున్నది." "రెండో బంతి కూసున్నది." మొదటిసారి విని అతను పడీ పడీ నవ్వాడు.

"ఇదేందక్కా, బువ్వకు పిలుస్తున్నవా, తన్ననీకి పిలుస్తున్నవా?"

"ఇష్టముంటే విను, లేకుంటే తీసేస్త."

"వద్దొద్దు, ఉంచు. పొద్దుగాల్నే నీ తిట్లు తిన్నట్టుంటది, నిద్ర మత్తు పోతది."

ఒకటో తారీఖు

ట్రయల్ రోజు పొద్దున్నే ఖదీర్ సాబ్ వచ్చారు. మిషిన్ కంపెనీ నుంచి టై కట్టుకున్న కుర్రవాడు ఒకడు వచ్చి, రాజేశం బల్ల పక్కన ఇంకో బల్ల మీద డబ్బా పెట్టి వైర్లు బిగించాడు. మర్యాదస్తుడే. డబ్బా కూడా మంచిదే. స్పష్టమైన ఆడగొంతుతో, తెలుగు కోసం ఒకటి నొక్కమని చెప్పింది. అందరూ వినాలని ఖదీర్ సాబ్ రాజేశం ఫోన్ స్పీకర్ పెట్టించారు. కంప్యూటర్ గొంతు మాత్రం అతని ఇయర్‌ఫోన్‌లోనే.

రాజేశం మీట నొక్కాడు. నేను వెనక నిలబడి తెర చూస్తున్నాను. కాసేపటికే రాజేశం బొటనవేలు పైకెత్తాడు. గొంతు వచ్చింది. వెనక బంతులు ఒక్కొక్కటే మెల్లగా కూర్చుంటున్నాయి, అతని పనికి అడ్డం రాకుండా.

ఫోను మోగింది. మస్కట్ నుంచి ఎవరో, వాళ్ళ అవ్వ, అంటే తల్లి, అన్నం తింటోందా అని. పేరు టైపు చేసి, వార్డుకు కలిపి, ఆ అవ్వ చేతనే కొడుకుకు నాలుగు తిట్లు తినిపించాడు. ఖదీర్ సాబ్ నవ్వారు.

మళ్ళీ మోగింది.

"హలో, దవఖాననా? నేను గంగారాం, షార్జాకెల్లి. మా బాపు మల్లయ్య, మెట్‌పల్లి. ఎట్లున్నడో జర చూసి చెప్పన్నా. ఇంటికాడ ఎవ్వలు ఫోన్ ఎత్తుతలేరు. ఈడ బస్సొచ్చింది, జర జల్ది."

రాజేశం టైపు చేశాడు. తెర మీద నాకు కనిపించింది. అతని చెవికీ వినిపించి ఉంటుంది. మల్లయ్య తెల్లవారుతుండగా పోయాడు. దగ్గరున్న బంధువు అన్నచోట పెద్ద కూతురు అని ఉంది.

"తమ్మీ గంగారాం, నీ పక్కపొంటి ఎవలున్నరు?"

"మా రూమోడు, నర్సన్న. ఎందుకే?"

"ఆయనను జర దగ్గరికి రమ్మను. నీ బుజం మీద చెయ్యేయమను."

"అన్నా, బస్సోడు ఆరన్ కొడుతుండు. బాపు మంచిగున్నడా లేడా, గా ఒక్క ముచ్చట చెప్పు."

నిజంగానే స్పీకర్లో బస్సు హారన్ వినిపిస్తోంది. ఎవరో హిందీలో రా రా అని అరుస్తున్నారు. రాజేశం ఫోను దగ్గరికి వంగాడు. అంత మెల్లగా అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"తమ్మీ, ఇయ్యాల బస్సెక్కకు."

హారన్ ఇంకోసారి మోగింది, ఆ తర్వాత బస్సు కదిలిపోయిన చప్పుడు. అప్పుడు "బాపూ" అని ఒక కేక. గట్టిగా కాదు. చిన్నపిల్లవాడు ఇంట్లోకొచ్చి పిలిచినట్టు.

"నర్సన్నా, వినవడుతుందా? తమ్మిని పట్టుకో, ఇడువకు. గంగారాం, మీ అక్క ఈడనే ఉన్నది, బాపు పక్కనే ఉన్నది. ఆమెకు కలుపుతున్న. నేను లైన్లనే ఉంట, యాడికి పోను."

తెర మీద ఉన్న నంబరు విని నొక్కాడు. ఆ అక్క ఎత్తింది. తమ్ముడి గొంతు విని, దాచిపెట్టుకున్న ఏడుపంతా ఒక్కసారి వదిలింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాక రాజేశం స్పీకర్ ఆపి, రిసీవర్ చెవికి పెట్టుకుని కూర్చున్నాడు.

ఖదీర్ సాబ్ జేబురుమాలు కోసం రెండు జేబులూ వెతుక్కున్నారు, దొరకలేదు. చొక్కా చేతితోనే తుడుచుకున్నారు. టై కుర్రవాడి వైపు తిరిగి ఏదో అనబోయారు. ఆ పిల్లవాడు అప్పటికే తన డబ్బా వైర్లు చుట్టుకుంటున్నాడు.

"సార్, నేను హెడ్డాఫీసుకు ఏం చెప్పాలి?" అని మాత్రం అడిగాడు.

"నేను చెప్తా బేటా," అన్నారు ఖదీర్ సాబ్. హెడ్డాఫీసుతో ఆయన గట్టిగా మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. మాట్లాడారు, నిలబడ్డారు. ఆ కుర్చీ రాజేశానిదే అయింది.

పిల్లలూ, ఇంతకంటే పెద్ద పనులు మీరు చేస్తారు. నేను రాసింది చిన్న చిట్టా, ఇప్పుడు చూస్తే మీకు నవ్వొస్తుంది. కాని ఏ యంత్రాన్ని వేగం చెయ్యమని ఎవరు అడిగినా, ఎవరి కోసం వేగం, ఏ గడియలో అని ముందు అడగండి. అన్నిటినీ వేగంగా లేపడం ఎవరికీ అక్కర్లేదు. ఒక మనిషికి అవసరమైనది ఒకటి, సమయానికి లేస్తే చాలు. మిగతావాళ్ళు రెండో బంతిలో కూర్చుంటే ఎవరి పెండ్లీ ఆగదు. ఇది ఎన్ని మెమోలు తిన్నా సరే చెప్పగలిగిన మాట కాబట్టి చెప్తున్నాను.

గంగారాం ఆ రోజు బస్సెక్కలేదు. ఎక్కితే పొద్దు గూకేదాకా ఫోను చేతికొచ్చేది కాదు. క్యాంపులోనే ఉన్నాడు కాబట్టి నర్సన్నా తక్కిన స్నేహితులూ కంపెనీవాళ్ళ వెంటపడి, పాస్‌పోర్టు తెప్పించి విమానం ఎక్కించారు. అక్క అతను వచ్చేదాకా ఎవరినీ కట్టెలు పేర్చనివ్వలేదట. తలకొరివి అతనే పెట్టాడు.

కర్మకాండ అయ్యాక ఒక పొద్దున, గుండు చేయించుకున్న మనిషి ఒకడు ఎంక్వైరీ కౌంటర్ ముందు వచ్చి నిలబడ్డాడు. నేను అప్పుడు ఆ పక్కనే ప్రింటర్ విప్పుతున్నాను. పక్కకు జరగలేదు. వరసలో వెనకున్నవాళ్ళు గొణుగుతున్నారు. ఎదురుగా ఎవరో ఉన్నారని రాజేశానికి తెలిసింది.

"ఎవలు? ఏం గావాలె?"

ఆ మనిషి కౌంటర్ మీద ఉన్న రాజేశం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేనన్నా," అన్నాడు. "బస్సెక్కలే."

రాజేశం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.